గడప బయట కుండ

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ సామెతకు ఒక యంత్రం కట్టి కడపలో నిలబెట్టినవాడు డాక్టర్ చెలమపాటి సుదర్శనం. యంత్రం పేరు నీటిజాడ. చూడటానికి కూల్‌డ్రింకుల షాపులో ఫ్రిజ్ కంటే పెద్దదేమీ కాదు. నోట్లో దూది తిప్పి ఆ తడిని దాని పళ్ళెం మీద అంటిస్తే చాలు, ఆ మనిషి తండ్రి, తాత, ముత్తాత, ఆ పైవాళ్ళు ఏ నీళ్ళు తాగి బతికారో తెర మీద పొరలు పొరలుగా చూపించేస్తుంది.

మనిషి తాగిన నీళ్ళలోని ఉప్పులు ఒంట్లో ఒక మొండి ప్రోటీను మీద అచ్చు వేస్తాయనీ, ఆ అచ్చు తండ్రి నుంచి బిడ్డకు చెరగకుండా దిగుతుందనీ సుదర్శనం కనిపెట్టాడు. తరానికో పొర. తుంగభద్రకు ఒక రంగు, పెన్నకు ఇంకో రంగు, ఉప్పునీటి బావికి మరొకటి. గొంతెండి చావు దాకా వెళ్ళొచ్చిన తరానికి మాత్రం పొర మధ్యలో కాటుక దిద్దినట్టు నల్లగీత పడుతుంది. ఊరూరా తిరిగి పట్టి తెచ్చిన నీళ్ళ సీసాలు ల్యాబు గోడల నిండా ఉన్నాయి. రంగుకు రంగు సరిపోల్చితే, ఇంటిపేరు ఏ ఊళ్ళో పుట్టి ఏ దారిన వచ్చిందో తెలిసిపోతుంది.

జనం ఎగబడ్డారు. మా పెద్దలు ఏనుగుల మీద వచ్చారని చెప్పుకునే ఒక పెద్దమనిషి వంశం తరతరాలుగా ఊరి పక్క వంకలో నీళ్ళే తాగిందని తేలింది. ఆయన దూది మార్చి మళ్ళీ తీయమన్నాడు. ఆ తర్వాత యంత్రానికే బుద్ధి లేదన్నాడు. ఆరోజు సుదర్శనం పడీ పడీ నవ్వాడు. ఎదుటివాడి ఇంటిపేరు ఊడిపోతుంటే నవ్వు రావడం పెద్ద విశేషం కాదు కదా.

ఎందుకంటే తన ఇంటిపేరు మీద ఆయనకు కొండంత ధీమా. ఏరు ఎండినప్పుడు ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీటిని చెలమ అంటారు. ఒక గొప్ప కరువులో వీళ్ళ మూలపురుషుడు పెన్న ఇసుకలో చెలమ తవ్వి, దాహంతో వచ్చిన వాళ్ళందరికీ నీళ్ళు పోశాడట. ఆ చెలమ చుట్టూ వెలిసిన ఊరు చెలమపాడు, ఆ ఊరివాళ్ళు చెలమపాటివారు. ఊరు ఎప్పుడో వరదలో కొట్టుకుపోయింది. అది ఎక్కడుండేదో చెప్పగల మనిషి లేడు. పేరు మాత్రం కడపలో, ప్రొద్దుటూరులో, బెంగళూరులో అపార్టుమెంట్ల తలుపుల మీద మెరుస్తోంది.

వాళ్ళకో ఆచారం కూడా ఉంది. పెళ్ళయినా, గృహప్రవేశమైనా ముందుగా ఒక కొత్త కుండ నిండా నీళ్ళు నింపి గడప బయట పెడతారు. పెట్టి తలుపు మూసేస్తారు. లోపల అందరూ మాట్లాడకుండా కాసేపు కూచుంటారు. తర్వాత ఇంటికి పెద్దవాడు లేచి తలుపు తీస్తాడు. దాహంతో వచ్చే బాటసారి కోసం మా పెద్దలు పెట్టిన నీళ్ళకు గుర్తు అని కొత్త అల్లుళ్ళకు గర్వంగా చెబుతారు. నీళ్ళిచ్చేవాళ్ళు తలుపెందుకు మూస్తారని చిన్నప్పుడు సుదర్శనం ఒకసారి అడిగాడు. పెదనాయన వీరభద్రయ్య నెత్తి మీద మొట్టికాయ వేశాడు. “ఆచారాన్ని అడుగుతారేమిరా?” అన్నాడు. ఆ తర్వాత ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఇప్పుడు ఆ వీరభద్రయ్యే ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేశాడు. “ఒరేయ్ సుదర్శనా, మనోళ్ళందరినీ ఒక్కచోట చేర్చాలనుకుంటాండా. నీళ్ళు పోస్తాండే మన మూలపురుషుని బొమ్మ చేయిస్తాండాము. ఊరు యాడుండేదో నీ మిషన్‌తో కనుక్కో. బొమ్మ ఆడ నిలబెడదాం.”

సుదర్శనం తన నోటి తడి తానే యంత్రానికి ఇచ్చాడు. ఒక పొర దగ్గర పెన్న రంగు తేలింది. ఉత్త పెన్న కాదు, ఇసుక కింద వడగట్టుకున్న నీటి రంగు. దానికి సరిపోయే సీసా గోడ మీద ఒక్కటే ఉంది. పెన్న వంపు తిరిగేచోట, ఇల్లూ వాకిలీ లేని ఇసుకమేటలో పట్టిన నీళ్ళు అవి. ఊరు దొరికింది. ఆ పొరకు ముందువన్నీ తుంగభద్ర రంగులో ఉన్నాయి, సరిగ్గా ఊరు మారిన చోట నల్లగీత ఉంది. కరువుకు తాళలేక అటునుంచి వచ్చారన్నమాట. రావడంలో తప్పేముంది, వచ్చి నలుగురికీ నీళ్ళు పోశారుగా అనుకున్నాడు. పెదనాయనకు ఫోన్ చేసి చోటు చెప్పేశాడు.

ల్యాబులో ఆయనతో సమానంగా యంత్రాన్ని ఎరిగినది డాక్టర్ ఎస్తేరు రాణి. నీళ్ళ రంగులు చదివే పద్ధతి సగం ఆమెదే. ఆమె ఇంటిపేరు కూడా చెలమపాటే. ఉద్యోగంలో చేరిన రోజున సుదర్శనం అందరి ముందూ నవ్వుతూ, “మీ పెద్దోళ్ళు మావాళ్ళ దగ్గర జీతాలుండి ఉంటారమ్మా. దొర ఇంటిపేరే పాలేరుకూ వస్తాది గదా,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. “మా అత్త వేరేగా చెప్తాది సార్,” అని తన సీటు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఊరు దొరికిందని విని ఆమె మొదటిసారి తనంతట తాను ఆయన గదిలోకి వచ్చింది.

“సార్, మా మేనత్త రాహేలమ్మ ఉండాది గదా, నన్ను పెంచింది. ఆమెకు ఒళ్ళు బాగలేదు. ఉప్పునీళ్ళు తాగి తాగి కీళ్ళు వంకర్లు పోయినాయి, ఇప్పుడు కిడ్నీలు గూడా. సచ్చేలోపల మా సొంతూరి నీళ్ళు ఒక్క గుక్క తాగాలంటాది. ఊరు యాడుండాదో మాకెవరికీ తెలీదు. మాదీ అదే ఇంటిపేరు గదా, నాదొకసారి తీసి చూద్దాం సార్.”

“దానికేమమ్మా, తప్పకుండా,” అన్నాడు సుదర్శనం. దానం చేసినంత తృప్తిగా ఉంది ఆయనకు.

అత్తను ఆస్పత్రిలో చూపించడానికి ఆమె సెలవు పెట్టిన రోజున ఆయన ఆమె ఇచ్చి వెళ్ళిన దూదిని తీసి పళ్ళెం మీద అంటించాడు. తెర మీద అట్టడుగు పొర వచ్చింది. చెలమ రంగు. దాని పైది, ఆ పైది, అన్నీ చెలమ రంగే. యంత్రం చూడగలిగినంత లోతుకు చూస్తే అంతా ఆ ఇసుక నీళ్ళే. పైకి వచ్చేకొద్దీ, ఒక పొర దగ్గర రంగు విరిగి ఉప్పునీళ్ళు మొదలయ్యాయి. విరిగిన చోట నల్లగీత పడింది. మామూలు గీత కాదు, పొరంతా నల్లగా ఉంది.

సుదర్శనం తన ఫలితాన్ని పక్కన పెట్టి చూశాడు. ఆయనవాళ్ళ గొంతు తడిసిన తరంలోనే ఎస్తేరువాళ్ళ గొంతు ఎండింది.

ఎవరికి ఎవరు నీళ్ళు పోశారో చెప్పడానికి ఇక యంత్రం అక్కర్లేదు. చదువుకున్నవాడు కాబట్టి పది రకాల వేరే కారణాలు వెతికాడు. ఒక్కటీ నిలబడలేదు. ఉద్యోగంలో చేరిన రోజున ఆమెతో తను అన్న మాట గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. అయినా ఏం చేశాడో చూడండి. ఆ ఫలితాన్ని యంత్రంలోంచి చెరిపేశాడు. మర్నాడు ఆమె రాగానే, అడక్కముందే, “నీ నమూనా చెడిపోయిందమ్మా,” అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

ఆమె ఇంకో దూది ఇచ్చింది. అదీ చెడిపోయిందన్నాడు. ఇంకోటి ఇచ్చింది. అదీ అంతేనన్నాడు, ఈసారి ఆమె ముఖం చూడకుండా.

“మా నోటి తడి మీ మిషన్‌కు మైలేమో సార్,” అంది ఎస్తేరు. గొంతు పెంచలేదు. సీసాలు సర్దుకుంటూనే అంది.

ఆరోజు సుదర్శనం అన్నం ముందు కూచున్నాడు. భార్య నాగవేణి సమ్మేళనానికి కట్టుకోవాల్సిన చీరల గురించి మాట్లాడుతోంది. మాటల మధ్యలో, “మీ ల్యాబులో ఆ ఎస్తేరును గూడా పిలుస్తారా? మన గృహప్రవేశానికొచ్చి గుక్కెడు నీళ్ళు ముట్టలే ఆయమ్మ. ఫ్లాస్కులో తెచ్చుకున్న నీళ్ళు తాగింది. ఎంత పొగరు!” అంది.

“పొగరు కాదులే,” అన్నాడు సుదర్శనం.

“మరేంది?”

ల్యాబులో కూడా ఆమె ఎప్పుడూ తన సీసా నీళ్ళే తాగడం ఆయన చూశాడు. శుభ్రం పాటిస్తుందని మెచ్చుకున్నాడు కూడా. ఎదురుగా ఉన్న గ్లాసు ఎత్తి నోటిదాకా తెచ్చి, కింద పెట్టేశాడు.

మర్నాడు ఉదయమే ప్రొద్దుటూరు వెళ్ళాడు. వీరభద్రయ్య వరండాలో కూచుని బొమ్మ ఫోటో చూస్తున్నాడు. తలపాగా చుట్టుకున్న మహాపురుషుడొకడు కుండ వంచి నీళ్ళు పోస్తున్నాడు. కింద ఒక ఆడమనిషి దోసిలి పట్టి కూచుంది. సుదర్శనం తెచ్చిన సంగతంతా చెప్పాడు. ముసలాయన బీపీ పెరుగుతుందేమోనని భయపడుతూ చెప్పాడు. వీరభద్రయ్య ఆశ్చర్యపోలేదు. ఫోటోను తిరగేసి బల్ల మీద పెట్టాడు.

“నాకు తెలుసురా,” అన్నాడు.

“తెలుసా?”

“మా నాయన సచ్చేముందు చెప్పినాడు. ఆయనకు వాళ్ళ నాయన. ఇంటికి పెద్దోడికి మాత్రమే చెప్తారు. మనోళ్ళు కరువులో పశువుల్ని తోలుకోని ఈడికి వచ్చినారంట. నాలుకలు పిడచగట్టి ఇసుకలో పడిపోతే చెలమ కాడోళ్ళు నీళ్ళు పోసి బతికించినారు. ఉండమని జాగా ఇచ్చినారు. ఏడాది తిరగలే, మనోళ్ళు చెలమ చుట్టూ ముళ్ళకంప నాటినారు. వాళ్ళు తాకితే మైలన్నారు. తోలేసినారు.”

“ఏరు దాటి తెప్ప తగలేసినట్టు,” అన్నాడు సుదర్శనం.

“విను. తోలేసినాక వాళ్ళలో ఒక బాలింత కుండ పట్టుకోని మన ఇంటికాడికి వచ్చిందంట. బిడ్డకు పాలు పడ్డంలే, రవ్వన్ని నీళ్ళు పొయ్యండమ్మా అని. లోపల అందరూ ఉండారు. తలుపు మూసి గమ్మున కూచున్నారు. పిలిచి పిలిచి ఆ గొంతు ఆగిపోయిందంట. తలుపు తీస్తే గడప బయట కుండ మాత్రం ఉండాది. ఆ తర్వాత మనింట్లో పురిట్లోనే బిడ్డలు పోతాంటే భయపడి, అప్పట్నుంచి ఆ కుండ నింపి బయట పెడతాండారు. తలుపు మూసి గమ్మున కూచుంటాండారు. మొక్కుబడి కాదురా అది. శిక్ష.”

సుదర్శనానికి తన పెళ్ళిలో ఆ కుండ ముందు నవ్వుతూ దిగిన ఫోటో గుర్తొచ్చింది.

“తెలిసీ ఈ బొమ్మ ఎట్ల చేయించినావు పెదనాయనా?”

“సిగ్గును ఎన్ని తరాలు మొయ్యమంటావురా?” అన్నాడు ముసలాయన. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మా నాయన దాన్ని మోసి మోసి పిచ్చోడైనాడు. మీరన్నా తలెత్తుకోని తిరగాలని నేను మంచిగా మార్చి చెప్పినా. మీరు నమ్మినారు. చెప్పంగా చెప్పంగా సగం నేనూ నమ్మినా. ఆ మిషన్ నువ్వు చేసిందే గదా. దాని నోరు మూయలేవా?”

మూసేశాను పెదనాయనా, నువ్వు అడక్కముందే మూసేశాను అనుకున్నాడు సుదర్శనం. పైకి అనలేక లేచి వచ్చేశాడు. పెద్దల తప్పు పెద్దలది. వాళ్ళు ఎప్పుడో పోయారు. ఈ ఫలితాన్ని చెరిపినవాడు మాత్రం బతికే ఉన్నాడు, కారు తోలుతున్నాడు. వాణ్ణి చూడలేక అద్దాన్ని పక్కకు తిప్పేశాడు. వాళ్ళకు కరువన్నా ఉంది, నాకేమొచ్చింది అనుకున్నాడు.

ల్యాబుకు వచ్చి, సీసాల వెనక దాచిన ఆఖరి దూదిని మళ్ళీ పళ్ళెం మీద అంటించాడు. ఎస్తేరును పిలిచి తెర ముందు కూచోబెట్టాడు. తన పొరలూ ఆమె పొరలూ పక్కపక్కన పెట్టాడు. పెదనాయన చెప్పింది కూడా ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఆమె ఆ నల్లపొర మీద వేలు పెట్టి అక్కడే ఉంచింది.

“ఒక్కటీ చెడిపోలే గదా సార్?”

“లేదు.”

“మూడుసార్లు మా అత్తకు పోయి చెప్పినా, చెడిపోయిందని. ఆ నీళ్ళు అడిగిన నా నోట్లోనే దోషముందేమో అనింది ఆయమ్మ.”

సుదర్శనం చేతులు జోడించబోయాడు. “వద్దు సార్,” అంది ఆమె. “మీ పెద్దోళ్ళ సంగతి నేను లెక్కబెట్టను. మీరు నాతో కలిసి పనిచేసినోళ్ళు. మీరు చెరిపినారు. దాన్ని మాత్రం లెక్కబెడతా.”

సమ్మేళనం రోజు తెల్లవారగానే సుదర్శనం ఆ ఇసుకమేటకు వెళ్ళి చెలమ తవ్వి, ఒక స్టీలు క్యానులో నీళ్ళు పట్టుకుని రాహేలమ్మ ఇంటికి వెళ్ళాడు. మంచం మీద కూచుని ఉంది ఆమె. మోకాళ్ళు విల్లులా వంగిపోయాయి. ఎస్తేరు ఆమెకు అంతా చెప్పే ఉంచింది.

“ఇవి చెలమ నీళ్ళమ్మా,” అని క్యాను ముందు పెట్టాడు.

“మా నీళ్ళేనా?”

“మీవేనమ్మా.”

“మా నీళ్ళు మాకు నువ్విచ్చేదేంది నాయనా?” అంది రాహేలమ్మ. కోపంగా అనలేదు, నిజంగానే అడిగినట్టు అడిగింది. “చోటు చూపించు. నేనే తోడుకుంటా.”

వాళ్ళు చేరేసరికి ఏటి ఒడ్డున షామియానా కింద చెలమపాటివారంతా దిగి ఉన్నారు. బొమ్మకు ముసుగు కప్పి ఉంది. ఆచారానికి తలుపు కావాలి, ఇసుకలో ఇల్లెక్కడిది? అందుకని వడ్రంగి చేత ఒక ఉత్త ద్వారబంధం, తలుపు చేయించి ఇసుకలో పాతారు. అటూ ఇటూ గోడల్లేవు. కొత్త కుండలో మినరల్ వాటర్ నింపి గడప బయట పెట్టారు. తలుపు మూశారు. దాని వెనక బంధువులంతా గమ్మున కూచున్నారు, వీరభద్రయ్య ముందు వరుసలో. తలుపు పక్క నుంచి చూస్తే అందరికీ అంతా కనబడుతోంది. అయినా తలుపు మూసే ఉంది.

సరిగ్గా అప్పుడు రాహేలమ్మ ఒకవైపు కర్ర, ఒకవైపు ఎస్తేరు భుజం పట్టుకుని ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఆ కుండ ముందు నిలబడింది.

వీరభద్రయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మూసిన తలుపు బయట కుండ దగ్గర నిలబడ్డ ఆడమనిషిని ఆయన ఎన్నో ఏళ్ళ నుంచి ఎరుగుదునన్నట్టు చూశాడు. “ఎవరామె?” అని వెనక గుసగుసలు లేచాయి.

“చెలమపాటి రాహేలమ్మ,” అన్నాడు సుదర్శనం. అందరికీ వినబడేలా అన్నాడు. “ఈ ఊరు వీళ్ళది. ఈ పేరు వీళ్ళది. దప్పికతో వచ్చినోళ్ళం మనం, నీళ్ళు పోసినోళ్ళు వీళ్ళు. తలుపేసుకున్నది మనం. యంత్రంలో ఉండాది. పది దినాలు దాన్ని దాచినోణ్ణి నేను.”

ఎవరో “పట్టుకోండిరా వాణ్ణి” అన్నారు. నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరభద్రయ్య మాత్రం లేచాడు. నాలుగడుగుల దూరం నడవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. గడియ తీశాడు. తలుపు తెరుచుకుంది. ఆ ముసలాయనా ఈ ముసలమ్మా గడపకు అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు.

“లోపలికి రామ్మా,” అన్నాడు ఆయన. “నీళ్ళు...”

“నీళ్ళు అడగడానికి రాలేదప్పా,” అంది రాహేలమ్మ. “మా కుండ తీసకపోదామని వచ్చినా.”

వంగలేక వంగి కుండను తీసుకుంది. వాళ్ళు పోసిన నీళ్ళు ఇసుకలో వంచేసింది. ఖాళీ కుండను ఎస్తేరు చంకకిచ్చి, ఆమె భుజం పట్టుకుని ఏట్లోకి దిగింది. సుదర్శనం వెనకే వెళ్ళి తవ్వబోతే, “నువ్వుండు. మాకొచ్చు,” అని తానే కూలబడి వంకర వేళ్ళతో ఇసుక తోడింది. అత్తా మేనకోడలూ తోడారు. కాసేపటికి నీళ్ళు ఊరాయి. మొదటి నీళ్ళు తోడి పారబోసి, తేట నీళ్ళు ఊరాక, తెచ్చుకున్న స్టీలు గ్లాసుతో ముంచుకుని తాగింది. తాగి కళ్ళు మూసుకుంది. ఎస్తేరు తాగింది. సుదర్శనాన్ని ఎవరూ తాగమనలేదు. ఆయనా అడగలేదు.

కుండ నిండాక రాహేలమ్మ తల ఎత్తి ఒడ్డుకేసి చూసింది. తెరిచిన తలుపు పట్టుకుని వీరభద్రయ్య ఎండలో అలాగే నిలబడి ఉన్నాడు.

“ఆ ముసలాయనకు నోరెండిపోయినట్టుండాది,” అని గ్లాసు నింపి సుదర్శనం చేతికిచ్చింది. “తీసకపోయి ఇయ్యి నాయనా.”

సుదర్శనం ఒలక్కుండా పట్టుకుని ఒడ్డెక్కాడు. వీరభద్రయ్య గ్లాసు అందుకున్నాడు. తాగలేకపోయాడు, పారబోయలేకపోయాడు. వెనకున్న వాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఆ బొమ్మ వైపు చూడకుండా, బస్సుల దగ్గరికి నడిచారు. ఆయన మాత్రం ఆ గ్లాసు పట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాడు.